ఒకే తూకం అంబులు

మేం అంబులు కొనుక్కోం. విశాఖ మన్యంలో, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అంటున్న మా కొండల్లో, ఎవరి విల్లుకు తగిన అంబులు వాళ్లే చేసుకుంటారు. ములికి మాత్రం కమ్మరోళ్ల కొలిమి నుంచి వస్తుంది. విల్లయితే చుట్టాలింటి నుంచి అడిగి తెచ్చుకోవచ్చు. కానీ ఒకరి విల్లుకు చేసిన అంబు ఇంకొకరి విల్లుకు ఎక్కిస్తే పక్కకు పోతుంది. బయటివాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. అంబు అంటే అంబే కదా, తేడా ఏముంటుంది అంటారు.

ఉంటుంది. అల్లెతాడు వదిలిన క్షణంలో కాడ తిన్నగా పోదు. నీళ్లలో చేపలా వంగి, విల్లు బద్దను ఒరుసుకుని, అవతలికి వెళ్లాక సర్దుకుంటుంది. బిగువైన విల్లుకు మెత్తని కాడ పెడితే మరీ ఎక్కువ వంగి ఓ పక్కకు పోతుంది. గట్టి కాడ పెడితే వంగాల్సినంత వంగక ఇంకో పక్కకు పోతుంది. మా తాతలు ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. కాడను నేలకు ఆనించి బొటనవేలితో నొక్కి చూసేవాళ్లు. ఎంత నొక్కితే ఎంత వంగిందో ఆ వేలికి తెలుసు.

కాడకు ముదురు వెదురే కావాలి. లేతది ఎండాక ముడుచుకుపోతుంది. అమావాస్య దగ్గర నరికితే పురుగు పట్టదని పెద్దల మాట. నరికాక ఎండలో పెట్టకూడదు, పగులుతుంది. పొయ్యి మీది అటకకు కట్టి పొగ పట్టిస్తాం. ఆరాక నిప్పుల మీద కాచి, వంకర ఉన్న కణుపు దగ్గర చేతులతో మెల్లగా వంచి, ఓ కన్ను మూసి చివరి దాకా చూస్తాం. పది కాడలు నరికితే నాలుగు నిలిస్తే గొప్ప.

ఇక ఈకలు. ఒక అంబుకు కట్టే ఈకలన్నీ ఒకే రెక్కవై ఉండాలి. ఎడమ రెక్క ఈక ఒక వైపు వంపు తిరిగి ఉంటుంది, కుడి రెక్కది ఇంకో వైపు. అన్నీ ఒకే వైపువైతే అంబు గాలిలో తిరుగుతూ తిన్నగా పోతుంది. రెండూ కలిపితే తూలుతుంది. ఒకప్పుడు రాబందు ఈక మేలనేవాళ్లు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని ఊడ్చేసింది. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదన్నారు గానీ మా ఆకాశంలోకి అవి తిరిగి రాలేదు. ఇప్పుడు కోడి ఈకలే.

చేసిన అంబుల్ని ఒక పుల్లకు మధ్యలో దారం కట్టి, అటొకటి ఇటొకటి వేలాడదీసి తూస్తాం. బరువున్నదాన్ని కత్తితో గీకుతాం. ఒక దొనెలో ఉన్నవన్నీ ఒకే తూకం కావాలి. గురి మనిషిలో ఉందంటారు గానీ, సగం ఈ గీకుడులోనే ఉంది.

తేలిగ్గా ఉంటే దూరం పోతుంది కదా అని కుర్రాళ్లు మరీ గీకేస్తారు. అది ప్రమాదం. విల్లులో దాచిన బలాన్ని అంబు మోసుకుపోవాలి. మోసే బరువు లేకపోతే ఆ బలం విల్లుకే తిరిగి తగులుతుంది, బద్ద విరుగుతుంది. ఖాళీ విల్లు లాగి వదలకూడదని పిల్లలకు మొదట చెప్పేది అందుకే. రెండోది, వేసి తెచ్చిన ప్రతి అంబునూ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచాలి. టిక్కుమందా, పొయ్యిలోకే. కంటికి కనబడని పగులు చెవికి దొరుకుతుంది. పగిలిన కాడ విల్లు మీదే చీలితే ఆ పేడు విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది. అలా బొటనవేలు వంగని మనుషులు మా ఊళ్లలో ఉన్నారు. గాడి కింద దారం చుట్టి లక్క పెట్టేది కూడా అలంకారానికి కాదు, అల్లెతాడు తోపుకు కాడ చీలకుండా.

వేటకు ఇంకో లెక్క. పిట్టకు ములికి ఉండదు, మొద్దు కొయ్య చాలు. పెద్ద జంతువును అంబు దెబ్బతో పడగొట్టదు, లోపల కోసి నెత్తురు తీసి పడగొడుతుంది. అందుకే ములికి అంచు చేతి వెంట్రుకను గొరిగేంత పదునుండాలి. ఇరవై అడుగులు నడిచేంత దూరం దాటితే వెయ్యకూడదు. వేసిన వెంటనే వెంటపడకూడదు. తరిమితే ఆ జంతువు గాయంతోనే కొండ దాటిపోతుంది, ఎక్కడో పుళ్లు పడి చస్తుంది. వట్టి చేతులతో రావడం కంటే అది పెద్ద సిగ్గు.

తర్వాత నాటు తుపాకీ వచ్చింది. అందులో తూకం లేదు. కంటి అంచనాతో మందు కూరతారు. గొట్టం పేలి కళ్లూ వేళ్లూ పోయినవాళ్లున్నారు. చీకట్లో పొద కదిలితే పందనుకుని తోటివాడినే కాల్చిన కథలు ప్రతి పంచాయతీలోనూ ఒకటుంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీ నేరం. పోలీసులూ అన్నలూ తిరిగిన ఏళ్లలో భుజాన తుపాకీతో అడవిలో కనబడ్డమే ప్రాణానికి గండమైంది.

తుపాకీ అంటే మాకు మోజు లేకపోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల నుంచి సీతారామరాజు దండు 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకుపోయిందని చెప్పుకుంటూనే పెరిగాం. కానీ ఆ తూటాలు అయిపోతే మన్యంలో చేసుకునే కొలిమి లేదు. మళ్లీ ఇంకో స్టేషన్ మీద పడాల్సిందే. అంబుకు ఆ అవసరం లేదు, వెదురు పెరట్లోనే ఉంది.

ఇప్పుడు వేటే లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పందిని కొట్టినా జింకను కొట్టినా కేసే. చట్టం తప్పని మేం అనం, అడవిలో జంతువులు ఎంత మిగిలాయో మాకే బాగా తెలుసు. మా బాధ వేరు. దొంగతనంగా వేటాడేవాడు కరెంటు తీగ పరుస్తున్నాడు, తిండిలో నాటు బాంబు పెడుతున్నాడు. తీగకు ఎదురుగా ఉన్నది పందో, ఆవో, పొద్దున్నే కల్లుకు వెళ్లే మనిషో తెలియదు. పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. అంబు వేసేవాడు అలా నిద్రపోలేడు. ఎవరి అంబో ఈక కట్టిన తీరు చూసి ఊరంతా చెప్పేస్తుంది.

చైత్రంలో ఇటుకల పండక్కి, విత్తనాలకు పూజ చేశాక, మగాళ్లం ఇంకా విల్లంబులతో బయల్దేరుతూనే ఉన్నాం. కొన్ని ఊళ్లలో ఊరి చివర అరటి బోదె పాతి దానికే వేస్తున్నారు. కొందరు ముసలివాళ్లు దీన్ని ఆటంటారు. ఆటే అనుకుందాం, కానీ ఆ వారం రోజులూ కుర్రాళ్లు ఫోన్లు పక్కన పెట్టి కాడలు కాస్తున్నారు, తూస్తున్నారు, చెవి దగ్గర వంచి వింటున్నారు. ఆడవాళ్లు మాత్రం ఏ చట్టానికీ తగ్గలేదు. వేట నుంచి వట్టి చేతులతో వచ్చినవాడి మీద పోసే పేడనీళ్లు ఇప్పుడు బోదె తప్పినవాడి మీద పోస్తున్నారు.