బొమ్మ ఎవరిది?

చిత్రకారుడి గుమ్మం తొక్కేవారు మూడు రకాలు. గోడ ఖాళీగా ఉందని వచ్చేవారు మొదటి రకం. మనిషి పోయాడని వచ్చేవారు రెండో రకం. ఏ కారణమూ లేకుండా బొమ్మ కోసమే వచ్చేవారు మూడో రకం. పాతికేళ్లుగా ఈ మూడు రకాలవారి చలవతోనే అన్నం తింటున్నాను కనుక ఎవరినీ తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే వారితో వ్యవహారం నడిపిన ప్రతిసారీ ఒక సందేహం నా వెంటపడుతూనే ఉంది. డబ్బు ఈ చేతికీ, బొమ్మ ఆ చేతికీ వెళ్లిపోయాక, ఆ బొమ్మ ఎవరిది?

రెండో రకంవారితో మొదలుపెడతాను. మా గోదావరి తీరాన చిత్రకారుడి పొయ్యిలోంచి పిల్లిని లేపేది ప్రధానంగా వీరే. సంవత్సరీకం దగ్గరపడుతోందనగా వస్తారు. చేతిలో ఏ పెళ్లి ఫొటోయో ఉంటుంది. అందులో మూడో వరసలో, ఎవరి తలపాగా వెనకాలో సగం దాగిన ముఖం చూపించి, “ఇందులోంచి మా నాన్నగారిని తీసి ఇవ్వాలండీ” అంటారు, నూతిలో పడ్డ చెంబును తీసిమ్మన్నట్టు. ఆ తర్వాత కోరికలు మొదలవుతాయి. బుగ్గలు కొంచెం నిండుగా ఉండాలి. భుజాన జరీ కండువా ఉండాలి. ఆయన జన్మలో ఎన్నడూ కూర్చోని సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఇది ఈనాటి ముచ్చట కాదు. ఇటలీలోని మాంటువా పాలకుడి భార్య ఇసబెల్లా దెస్తె, 1503లో పెరుజీనో అనే చిత్రకారుడితో ఒప్పందం రాయించుకుంటూ, బొమ్మలో ఏ దేవత ఎక్కడ నిలబడాలో, ఎవరి చేతిలో ఏముండాలో వివరంగా రాయించి, ఆపైన సొంతంగా మరేమీ చేర్చకూడదని షరతు పెట్టింది. రెండేళ్లకు బొమ్మ చేతికందాక ఆవిడకు తృప్తి కలగలేదు. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇన్ని చెప్పి వేయించుకున్నా నచ్చకపోవడమనే జబ్బుకు 500 ఏళ్లు నిండాయన్నమాట.

ఒక రైతు కుటుంబం సంగతి చెబుతాను. పెద్దాయన పోయి పది నెలలైంది. ముగ్గురు కొడుకులూ కలిసి వచ్చారు. అదృష్టవశాత్తూ ఫొటో మంచిది, స్టూడియోలో తీయించుకున్నది. కింది పెదవి మీద ఎడమవైపున, ఏళ్ల తరబడి చుట్ట కాల్చడం వల్ల ఏర్పడిన నల్లటి మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. “అది తీసేయండి మాస్టారూ, చూసేవాళ్లకి బాగుండదు” అన్నాడు పెద్దకొడుకు. బయానా ఇచ్చిన మనిషి మాట, అలాగే వేశాను. బొమ్మ పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లమ్మగారు మంచం మీద నుంచి లేచి వచ్చి, చాలాసేపు చూసి, “బాగుందిరా, అచ్చం మీ బాబాయిలా ఉన్నాడు” అన్నారు. కొడుకులు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఆవిడ నా దగ్గరకు వచ్చి, “పెదవి మీద మచ్చ ఉండాలి కదా బాబూ, ఏదీ?” అని అడిగారు.

చివరి మెరుగుల కోసం నాలుగు రంగులూ రెండు కుంచెలూ వెంట ఉంచుకోవడం నా అలవాటు. ముదురు గోధుమ రంగులో రవ్వంత నీలం కలిపి, ఆవిడ చెప్పిన చోట, చెప్పినంత మేర ఆ మచ్చ పెట్టాను. పది నిమిషాల పని. ఆవిడ మళ్లీ చూసి, “ఇప్పుడు దండ వెయ్యండి” అన్నారు. పెద్దకొడుకుకు అది నచ్చలేదు. మిగిలిన సగం డబ్బు కోసం నన్ను నాలుగు నెలలు తిప్పాడు. తిరిగాను. డబ్బు ఇచ్చింది కొడుకులే అయినా, ఆ బొమ్మ మాత్రం ఆవిడదేనన్న విషయంలో నాకు ఈనాటికీ అనుమానం లేదు.

ఇక గోడ రకం. ఒక కల్యాణమండపం యజమాని వరదల నాటి గోదావరిని, వెనకాల పాపికొండలను, ముందువైపు కుడిపక్కన ఒక పడవవాణ్ణి వేయమన్నారు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. చదరపు అడుగుకు ఇంత అని బేరం. ఏడాది తర్వాత అదే మండపంలో ఎవరిదో పెళ్లికి వెళ్తే బొమ్మలో పడవ సగమే ఉంది, పడవవాడు లేడు. కొత్తగా ఏసీ పెట్టడానికి చోటు చాలక కుడివైపు తొమ్మిది అంగుళాలు కోసి, మళ్లీ శుభ్రంగా ఫ్రేము కట్టించారు. నా సంతకం ఉండేది ఆ మూలనే. యజమానిని అడిగితే ఆయన ఏమాత్రం కోపం లేకుండా, “మా బొమ్మే కదండీ!” అన్నారు. అడుగుల లెక్కన కొన్నారు కనుక, కోసిన మేరకు డబ్బు వెనక్కి అడగనందుకు నేనే సంతోషించాలేమో.

రెంబ్రాంట్‌కు కూడా ఇదే జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ నగర రక్షక దళంవారు వేయించుకున్న చిత్రం అది, 1642లో పూర్తయింది. ‘నైట్ వాచ్’ అన్న పేరు తర్వాత వచ్చింది. 1715లో దాన్ని నగర భవనానికి తరలించినప్పుడు అక్కడి గోడకు పట్టలేదని నాలుగు వైపులా కోశారు. ఎడమ అంచున ఉన్న మనుషులు ఆ కోతలో పోయారు. కోయకముందు ఎవరో చిన్న నకలు వేసి ఉంచారు కనుక, పోయిందేమిటో లోకానికి తెలిసింది. నా పడవవాడికి నకలు లేదు.

ఆ రోజు నుంచి చట్టం చదవడం మొదలుపెట్టాను. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి పురమాయించి వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, కాపీరైటు వేయించుకున్నవారిదే. మరి వేసినవాడికి ఏమీ లేదా అంటే, 57వ సెక్షను ఉంది. హక్కులన్నీ చేతులు మారినా, ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కూ, తన పేరుకు మచ్చ వచ్చేలా దాన్ని వికృతం చేస్తే నిలదీసే హక్కూ వేసినవాడి దగ్గరే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ దీని మీదే పోరాడారు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఆయన చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పక్కన పడేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలను ఆయనకు అప్పగించి, ఐదు లక్షల పరిహారం కూడా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. నేను కోర్టుకు వెళ్లలేదు. తొమ్మిది అంగుళాల కోసం పదేళ్లు తిరిగే ఓపిక నాకు లేదు.

యజమాన్యం సంగతి తలచుకున్నప్పుడల్లా రవివర్మ గుర్తొస్తారు. బరోడా మహారాజు 1888లో ఆయనకు 14 పౌరాణిక చిత్రాలు పురమాయించారు. అవి రాజప్రాసాదానికి చేరాయి. 1894లో ఆయన బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టాక, ఆయన లక్ష్మీ సరస్వతులు మన తాతమ్మల దేవుడి గూళ్లలోకి నడిచి వచ్చారు. ఆ గూటిముందు దీపం పెట్టినవారిలో ఎందరికి వేసినవాడి పేరు తెలుసు? తెలియకపోయినా ఆ బొమ్మలు వారివే.

మూడో రకంవారిని, అంటే సేకర్తలను, చివరికి ఉంచాను. నాకు తెలిసిన పెద్ద సేకర్త ఒకరున్నారు. నా బొమ్మలు ఏడు కొన్నారు. ఏడూ గోనెగుడ్డలో చుట్టి గిడ్డంగిలో ఉన్నాయి. ఒకసారి ప్రదర్శన కోసం రెండు అరువిమ్మంటే, “ధర పెరగనివ్వండి” అన్నారు. కొన్న బొమ్మను ప్రదర్శించకపోవడం నేరం కాదని చట్టం కూడా స్పష్టంగానే చెప్పింది. దామెర్ల రామారావు గారు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన బొమ్మలు రాజమండ్రిలోని ఆయన పేరిటి చిత్రశాలలో ఒక్కచోట కనిపిస్తాయి. నూరేళ్లు దాటినా ఎవరైనా వెళ్లి చూడవచ్చు. గోనెగుడ్డలోని నా బొమ్మలకు ఆ యోగం ఉందో లేదో.

అదే సేకర్తల జాబితాలో ఒక బడిపంతులు గారూ ఉన్నారు. జేబురుమాలంత నీటిరంగుల బొమ్మ ఒకటి నచ్చి, నెలకింత చొప్పున ఏడాదిపాటు చెల్లించి కొనుక్కున్నారు. ఇప్పటికి నాలుగు అద్దె ఇళ్లు మారారు. ఇల్లు మారినప్పుడల్లా బొమ్మను సామాన్ల బండిలో వేయకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్తారట. వానాకాలంలో ఫోను చేసి, “మాస్టారూ, అద్దం లోపల చెమ్మ పడుతోంది, ఏం చెయ్యమంటారు?” అని అడుగుతారు. అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండేలా మౌంటు వేయించండి, తడిగోడకు తగిలించకండి అని చెబుతాను. మరుసటి వానాకాలం మళ్లీ చేస్తారు.

ఇప్పుడు నా రశీదు కింద నాలుగు మాటలు అచ్చు వేయించాను. బొమ్మను కోయరాదు, పైన రంగు వేయరాదు. కాపీరైటు వేసినవాడిదే. అమ్మితే కబురు చేయాలి. అడిగినప్పుడు ఒకసారి చూపించాలి. కొందరు చదవకుండానే సంతకం చేస్తారు. కొందరు చదివి, ‘ఇంత డబ్బిచ్చి మళ్లీ మీ అనుమతా?’ అని లేచి వెళ్లిపోతారు. మొన్న అలా ఒక పెద్ద బేరం పోయింది. మా ఇంట్లో ఆ సాయంత్రం కొంత మౌనం నడిచింది. అయినా ఆ నాలుగు మాటలూ తీసేయాలని నాకు అనిపించలేదు. పంతులు గారికి ఆ రశీదు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం నాకు కనబడలేదు.