చెప్పి దోచే దొంగ

మొన్న శుక్రవారం సెలవు. మిష్రిఫ్‌లో ఈ ఎండల్లో మధ్యాహ్నం బయట అడుగు పెడితే మాడిపోతాం కదా! అందుకని ఏసీ వేసుకుని లాప్‌టాప్‌లో ‘బందిపోటు’ పెట్టాను. 1963 నాటి సినిమా. విఠలాచార్య గారనగానే మనకి దయ్యాలూ, మనిషిని మేకని చేసే మాంత్రికులూ గుర్తొస్తారు గానీ, ఇందులో ఆ గోల లేదు. కత్తి, గుర్రం, ఎన్టీఆర్, పొగరుబోతు రాకుమారిగా కృష్ణకుమారి, ఘంటసాల పాటలు. ఇంకేం కావాలి చెప్పండి!

మా విల్లా ఓనరు దగ్గర డ్రైవరుగా చేసే రాయచోటి ఆయన్ని కూడా పిలిచాను. హాయిగా నవ్వుతూనే చూశాడు. బందిపోటు ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పంచేదగ్గర మాత్రం ఉండబట్టలేకపోయాడు.

“మాకాడ తిరకాసు సార్. లేనోళ్ళనే దోస్తారు.”

“ఎవరన్నా?”

“మా మేనమామే. ఆజాద్ వీసా అని చెప్పి లచ్చా ఇరవై తీసుకున్యాడు. ఈడ దిగినాక చూస్తే ఇంటిపని వీసా. మూడేండ్లాయ, వడ్డీ గూడా తీరలే.”

ఏమనాలో తెలీక సినిమా ఆపబోయాను. వద్దన్నాడు.

“ఈ దొంగే నయం సార్, దొంగనని చెప్పే దోస్తాడు. పోయినేడు సెలవకు పోతే మా మామ పెండ్లిలో కనపడి, ‘బాగుండావా అల్లుడా’ అనె!”

సినిమా సుఖాంతం. ఆయన టీ గ్లాసు కడిగిపెట్టి, చెప్పులేసుకుంటూ అడిగాడు: “వచ్చే శుక్రారం ఇంగోటి పెడ్తారా సార్? మంచి దొంగ గెలిచేదే పెట్టండి.”

వెతుకుతున్నాను. మీకు తెలిస్తే చెప్పండి.