నలువదినాలుగు అడుగుల రాతి కొరకు తాండూరు ప్రయాణము

1986లో కట్టిన మా హైదరాబాదు ఇంటి స్నానాలగదిని మరల కట్టింపవలెనని నిశ్చయించుకొని, వ్యయము 1,50,000 రూపాయలకు మించరాదని ఇంటిలో ఒడంబడిక చేసికొని, ఆ మొత్తమును నోటుపుస్తకమున పద్దులుగా పంచి, అందు 95,000 టైళ్లకును కుళాయిలకును నేలరాతికిని, 45,000 మేస్త్రీ కూలికిని కేటాయించి, గొట్టములను ‘చిల్లర ఖర్చులు’ అను పేర 10,000తో సరిపెట్టిన పిదప, నాపరాయిని పుట్టినచోటనే కొనినచో చౌకపడునను ఆశతో ఒకనాటి వేకువను వాడి జంక్షను వైపు పోవు రైలెక్కితిని.

ఈ మార్గము నిజాము రాజ్యమున 1874లో పూర్తియైనది. వికారాబాదు దాటి కొంతదూరము పోవువరకు నిద్రమత్తులో ఏమియు చూడలేదు. కన్ను తెరచునప్పటికి ఇరువైపుల కందిచేలు, వాని నడుమ చదునుగా తవ్విన రాతిగనులు. హైదరాబాదువారు ఈ జాతి రాతినంతయు శాబాదుబండ యనియే పిలుతురు. ఆ శాబాదు వాడి జంక్షను దాటిన పిదప వచ్చును. 1956 వరకు తాండూరును శాబాదును ఒక్క రాష్ట్రములోనివే. భీమా పరీవాహక ప్రాంతపు సున్నపురాయి పొరలుపొరలుగా పరుండియుండుటచే, గడ్డపారకును ఉలికిని లొంగి పలకలుగా విడివడును. మన పూర్వులు యంత్రములు లేకయే ఇండ్లకు బండలు పరచుకొనగలిగిన రహస్యమిదియే.

తాండూరులో దిగి నేను ప్రవేశించిన పాలిషు కర్మాగారమున కోతయంత్రపు రంపపుబిళ్ల మీద నీరు ఎడతెగక పడుచుండెను. పనివాండ్ర కాళ్లు మోకాళ్లవరకు బూడిదవన్నె బురదతో పూతపెట్టినట్లుండెను. ఆ బురదయే యెండి, ఆవరణ వెలుపల గుట్టలై, గాలికి లేచి, దారి ప్రక్క వేపచెట్ల ఆకులను తెల్లజేయుచున్నది. బండ ధరలో ఈ దుమ్ము ధర చేరదు. దానిని పీల్చువారు వేరు, బండ పరచుకొనువారు వేరు.

అచ్చటి పెద్దమనిషి నన్ను చూచి, “ఎన్ని లారీలు సార్?” అని అడిగెను. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల గది, తరుగుతో 44 చదరపుటడుగులు చాలునంటిని. ఆయన నవ్వలేదు, చాయ తెప్పించెను.

“రెండు క్వింటాళ్లు దాటుతది సార్. రాయి పైసలకంటె బండి పైసలే ఎక్కువైతయి.” పిమ్మట, “బాత్రూంల యాసిడ్ పోస్తరా?” అనెను.

వారమునకొకమారు పోయించెదమంటిని. ఆయన గోడవార నున్న సీసా తెచ్చి, నిగనిగలాడు ఒక పలక మీద ఒక్క చుక్క వదలెను. అది సుర్రుమని నురగలు కక్కినది. తడిగుడ్డతో తుడిచి చూపగా, ఆ మెరుపు నడుమ బొటనవ్రేలి గోరంత మేర గ్రుడ్డిమచ్చ. “సున్నపురాయి గదా, పులుపు దీన్ని తింటది. నిమ్మకాయ పిండినా గంతే.”

నేను మౌనముగా నుండుట చూచి ఆయనకు ఉత్సాహము కలిగినట్లున్నది. ఇంకొక పలకను రెండిటుకల మీద ఉంచి, చెంబెడు నీళ్లు పోసి, అవి కదలకుండుట చూపి, ఒక అంచు క్రింద రాతిబిళ్లను దూర్చెను. నీరు మెల్లగా రెండవ అంచునకు నడచిపోయెను. “అడుగుకు పావు అంగుళం వాలుండాలె.” అనగా మా గదికి ఈ కొననుండి ఆ కొనకు రెండంగుళములు! పాత నేల మీదనే బండలు పరచిన యెడల ఆ రెండంగుళములు గడపను మ్రింగును; కావున నేలను తవ్వవలెను; తవ్వినచో గొట్టములు బయటపడును. అవి ఎప్పటివని ఆయన యడుగ, ఇల్లు కట్టిననాటి ఇనుపవే యంటిని.

“గోడల గా పైపులు పెట్టుకొని మీద కొత్త టైల్ ఏస్తె, పగులగొట్టనీకి ఏసినట్టే సార్.”

ఆయన నాకు ఒక్క బండయు అమ్మలేదు; జానెడు నమూనాముక్కను మాత్రము ఉచితముగా ఇచ్చెను. తిరుగు రైలులో పద్దులను కొట్టివేసి మరల వ్రాసితిని. వేడినీటికి ఓర్చు ప్లాస్టిక్ గొట్టములు, నహానీ ట్రాపు, నీరు దిగకుండు పూత, గీజరుకు విడిగా తీగ, వీనికి 40,000. పగులగొట్టుటయు శిథిలములు మోయుటయు చేర్చి కూలికి 50,000. గోడలోపల ఏమున్నదో తెలియదు గనుక 20,000 ముట్టకుండ ఉంచవలసినది. పూత వేసిన పిదప తూము మూసి నీరు నిలిపి, మట్టము గోడ మీద పెన్సిలుతో గుర్తించి, రెండు దినములు చూడనిదే టైలు పెట్టరాదని క్రింద గీత గీచితిని. మిగిలినది 40,000. తలుపు పోగా గోడలు ఏడడుగుల ఎత్తువరకు ఇంచుమించు 165 చదరపుటడుగులు. స్నానము చేయు మూల విడిచి తక్కినచోట్ల టైళ్లను నాలుగడుగులకు తగ్గించితిని. దిగుమతి కుళాయి మీద ఆశ శంకరుపల్లి దాటకముందే వదలుకొంటిని.

ఇంటికి రాగానే, బండలెప్పుడు వచ్చునని మా ఆవిడ అడిగినది. సంచిలోని ముక్కను చేతికిచ్చితిని. ఆమె దానిని అటునిటు త్రిప్పి చూచి, బాగున్నదని, వంటింటి గూటిలో నిమ్మకాయ ఊరగాయజాడీ క్రింద పెట్టినది. నాలుగవనాడు జాడీ ఎత్తగా, అంచున జారిన రసము మేర తెల్లని వలయమొకటి ఏర్పడియుండెను.