ఇరువదియొకటవ గడి

బాచుపల్లిలో మా కుమార్తె యింట, కిటికీ ప్రక్కన, ఒక ఎలక్ట్రానిక్ పియానో ఉన్నది. దానికి 88 మెట్లు. 52 తెల్లవి, 36 నల్లవి. పదకొండేండ్ల నా మనుమరాలు ప్రతి సాయంకాలము దాని ముందు కూర్చుండును. ఎదుట లేచుచున్న భవనమున కాంక్రీటు యంత్రము మ్రోయుచుండును. రెండింటిలో ఏది ముందుగా ఆగునో చెప్పుట కష్టము.

మొన్నటి మాఘమాసమున ఆ పిల్ల ఒక మినుయెట్ నేర్చుకొనుచుండెను. బాహ్ అను జర్మను సంగీతకారుని భార్యకై 1725లో ఏర్పడిన వ్రాతపుస్తకములోనిది. చాలకాలము దానిని బాహ్ రచనయే యనుకొనిరి. అది పెట్‌జోల్డ్ అను మరియొకనిదని తరువాత తేలినది. నిలువుగీతల నడుమ 32 గడులు. మనుమరాలు మొదటినుండి చక్కగా వచ్చి, 21వ గడిలో తొట్రుపడును. వెంటనే మొదటికి పోవును. మరల అచ్చటనే తొట్రుపడును. పాఠశాల వార్షికోత్సవము పది దినము లున్నదనగా కన్నీరు పెట్టుకొని, "తాతయ్యా, నాకీ పియానో వద్దు. అమ్మతో నువ్వే చెప్పు" అన్నది.

ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. నేనును ఆ వయస్సుననే విజయనగరమున వయొలిన్ నేర్చుచు, ఒక వర్ణము కొరుకుడు పడక విడిచిపెట్టితిని. ఆ వాద్యము అటకపై చెదల పాలైనది. మా గురువుగారు సరళీవరుసలను మూడు కాలములలో వాయింపుమనగా, మొదటి కాలము విసుగని నేను రెండవ దానికి దూకెడివాడను. "నీవు తప్పునే సాధన చేయుచున్నావురా అబ్బాయీ" అనెడివారు.

మరునాడు కాగితము తీసికొని గీతలు పెట్టితిని. గంటసేపటిలో ఆ పిల్ల మొదటి గడిని 26 మార్లు వాయించినది. 21వ గడి సరిగా ఒక్కమారును రాలేదు.

ఆ గడిలో ఆరు స్వరములు వరుసగా పైకి పోవును. మీ చేతిని చూచుకొనుడు: వ్రేళ్లు ఐదు. కనుక మూడు స్వరములైన పిమ్మట బొటనవ్రేలు మధ్యవ్రేలి క్రిందుగా దూరి నాల్గవ దాని నందుకొనవలెను. మనుమరాలు ఒక్కొక్కమారు ఒక్కొక్క వ్రేలితో అందుకొనుచుండెను. ఇక చేతికేది గుర్తుండును? ఏ స్వరమునకు ఏ వ్రేలో పెన్సిలుతో వ్రాయించితిని. ముందు కుడిచేయి, తరువాత ఎడమచేయి, ఆపై రెండును. 1815లో మేల్జెల్ పేటెంటు పొందిన మెట్రోనోమ్ అను లయయంత్రము నేడు ఫోనులోనే దొరకును; దానిని నిమిషమునకు 50 దెబ్బలకు దించితిమి. ఐదు మార్లు తప్పులేక వచ్చినగాని వేగము పెంచలేదు. పిదప 20 నుండి 22 వరకు కలిపితిమి, అతుకు కనబడకుండ. ఇరువది నిమిషములకు మించి కూర్చుండనీయలేదు. రాత్రి రాని గడి కొన్ని మార్లు తెల్లవారి దానంతట వచ్చెడిది. నిద్రలోను మెదడు నేర్చినదానిని పదిలపరచునని శాస్త్రజ్ఞులందురు.

వార్షికోత్సవమునాడు 21వ గడి దాటువరకు నేను ఊపిరి బిగబట్టితిని. అది దాటినది. 27వ గడిలో తప్పినది, కాని ఆగలేదు. ఇల్లు చేరగనే, పట్టులంగయైనను మార్చుకొనక, పియానో తెరచి, 27వ గడినుండి నెమ్మదిగా మొదలుపెట్టినది.