ఎన్ని మిల్లీమీటర్లు

జనవరి 9, మేడ్చల్
ఎమ్మారై రిపోర్టు వచ్చింది. ప్రొస్టేట్ ఎన్ని సీసీలో ఉంది. గడ్డ ఎక్కడుందో ఉంది. గ్రంథి దిగువన మూత్రనాళం ఎంత పొడవో లేదు. గ్రంథి తీసేసే ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపాల్సింది ఆ నాళం చుట్టూ ఉన్న కండరమే. పైన మూత్రాశయం మెడ దగ్గరి బిగువు చాలావరకు గ్రంథితోనే పోతుంది.

జనవరి 11
అడిగాను. డాక్టరు స్క్రీన్ మీద గీత గీసి కొలిచారు. 13 మిల్లీమీటర్లు. పొడవుంటే త్వరగా ఆగే అవకాశం ఎక్కువ అన్నారు. 2017లో యూరోపియన్ యూరాలజీ పత్రికలో వచ్చిన సమీక్ష కూడా అదే తేల్చింది. వయసు, బరువు, నరాలను ఎంతవరకు కాపాడగలరు, ఇవన్నీ కలిపి చూడాలట.
"నాకెలా ఉంటుంది?"
"మీలాంటి వందమందికి ఎలా ఉంటుందో చెప్పగలను. మీ ఒక్కరికి అంటే చెప్పలేను."
నమ్మకం కుదిరింది.

జనవరి 14, భోగి
ఆపరేషన్‌కు వాడే రోబో గురించి చదివాను. డా విన్సీ అనే ఆ రోబోకు అమెరికా అనుమతి 2000లో. డెట్రాయిట్‌లో మణి మీనన్ బృందం ఈ ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఏర్పరచింది. పేరు వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రొస్టేటెక్టమీ. రాజ్, పద్మ వట్టికూటి దంపతుల విరాళంతో వెలసిన సంస్థ. మన తెలుగు ఇంటిపేరు సర్జరీ పత్రికల్లో. సంతోషం.
రోబో తనంతట తాను కోయదు. సర్జన్ చెయ్యి కదిలితేనే కదులుతుంది.

ఫిబ్రవరి 6
ఆపరేషన్ అయ్యాక ఉంచిన మూత్రం పైపు తీశారు. లేచి నిలబడగానే కారింది. "అందరికీ ఇట్లనే ఉంటది సార్" అంది నర్సు. రాత్రి పక్క తడవలేదు. పడుకుంటే ఆగుతోంది. నిలబడితే లేదు.

ఫిబ్రవరి 15
వంటింటి కాటా మీద ప్యాడ్. తడి బరువులోంచి పొడి బరువు తీసేయాలి. గ్రాముకు దాదాపు మిల్లీలీటరు. "మీరు తూచండి, నేను రాస్తా" అంది మా ఆవిడ. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. పొద్దంతా పనిచేసి కండరం అలిసిపోతుందట.

మార్చి 2
ఫిజియోథెరపీ. నేర్పేది చిన్న వయసు అమ్మాయి. "అంకుల్, పొట్ట బిగించొద్దు. గాలి పోకుండా ఆపుకున్నట్టు, అంతే."
ఈ వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించాడు. కాన్పుల తర్వాత ఆడవాళ్ల కోసం. మా ఆవిడకు ఏ కాన్పుకూ ఎవరూ నేర్పలేదు. తుమ్మితే ఇబ్బందని ఇన్నేళ్లలో నాకూ చెప్పలేదు. ఇవాళ ఇద్దరం చేశాం.

మార్చి 16
మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ ఎంఎంటీఎస్. 2023 నుంచి నడుస్తోంది. పెట్టెలో మరుగుదొడ్డి లేదు. బొల్లారం దాకా నిలబడ్డాను. తర్వాత ఎవరో కుర్రాడు లేచి సీటిచ్చాడు.

ఏప్రిల్ 19, శామీర్‌పేట
పెళ్లి. ఫంక్షన్ హాల్లో మగవాళ్ల బాత్రూంలో చెత్తబుట్ట లేదు. ఆడవాళ్ల వైపు ఉందని చెల్లెలు చెప్పింది. ప్యాడ్ పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నా. మేనేజర్‌కు చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన ఏమీ అడగలేదు. భోజనాలయ్యేసరికి మూత ఉన్న బకెట్ వచ్చింది.

మే 8
కొన్ని అధ్యయనాల్లో ప్యాడ్ అసలు వాడకపోతేనే బాగైనట్టు. కొన్నింట్లో జాగ్రత్తకు రోజుకొకటి పెట్టుకున్నా బాగైనట్టే. నేనిప్పుడు రోజుకొకటి. ఒక లెక్కలో ఉన్నాను, ఇంకో లెక్కలో లేను. నూటికి ఇంతమంది అని ఎవరు చెప్పినా, ఏ లెక్కలో అని అడగాలి.
క్యాన్సర్ తిరిగొచ్చిందేమో చూసే రక్తపరీక్ష, పీఎస్ఏ, 0.1 లోపే. అది ముందు రాయాల్సింది.

జూన్ 3, శామీర్‌పేట
చెరువు కట్ట మీద తుర్కపల్లి తమ్ముడు కలిశాడు. వచ్చే నెల అతనికీ ఇదే ఆపరేషన్. పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. "అన్నా, ఆగుతుందా?"
"దగ్గితే చుక్క. బరువెత్తితే చుక్క. మిగతాదంతా మంచిగనే."
కాగితం మీద రాసిచ్చాను.
ఒకటి, నాళం ఎన్ని మిల్లీమీటర్లు?
రెండు, నరాలు రెండు వైపులా మిగులుతాయా?
మూడు, మీరు చేసినవాళ్లలో ఏడాదికి ఎంతమందికి ఆగింది? సున్నా ప్యాడ్ల లెక్కా, ఒకటి లెక్కా?
నాలుగు, వ్యాయామం ఎవరు నేర్పుతారు?
మొదటి మూడూ డాక్టర్‌ను అడుగు, నాలుగోదానికి రేపే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకుపోతా అన్నాను. తొమ్మిదింటికి.