రూపాయల్లోనా, డాలర్లలోనా?

జీతాలు పడ్డాయంటే దుబాయ్ సోనాపూర్ క్యాంపుల దగ్గర ఏటీఎంల ముందు లైన్లు కడతారు. ఆ లైన్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ మాట గట్టిగానే వినబడుతుంది. "ఇయాల రేటెంతుందన్నా?" అన్నదే అక్కడ పలకరింపు.

సొంత బ్యాంకు మిషన్ కాస్త దూరమైనా మనవాడు అక్కడికే నడుస్తాడు. వేరే బ్యాంకుదైతే సాధారణంగా రెండు దిర్హాములు పోతాయి. తీసేదేదో ఒకేసారి తీసి, తిండి ఖర్చు పక్కన పెట్టి, మిగతాది ఇంటికి పంపడానికి ఎక్స్ఛేంజ్‌కు వెళ్తాడు. అక్కడా తొందరపడడు. వెయ్యి రూపాయలకు ఎన్ని దిర్హాములు అడుగుతున్నారో పక్క కౌంటర్‌లో కూడా కనుక్కున్నాకే జేబులోంచి చెయ్యి తీస్తాడు. ఎమిరేట్స్ 2009లో కూలీల జీతాలను బ్యాంకు దారి పట్టించక ముందు చాలామందికి చేతికి నోట్లే వచ్చేవి. వాటిని ఇంటికి చేర్చడానికి చట్టం ఒప్పుకోని హుండీ ఉండేది. రేటు నాలుగు పైసలు ఎక్కువ, ఫీజు మాటే లేదు. ఈ లెక్కలన్నీ అప్పుతీర్చే పైసల మీద నేర్చుకున్నవి.

కరీంనగర్ నుంచి డాలస్‌లోని కొడుకు దగ్గరికి ఆరు నెలలు వెళ్లే రిటైర్డ్ సారుకు మాత్రం ఆ తర్ఫీదు లేదు. పింఛను ఖాతా డెబిట్ కార్డు జేబులో వేసుకుని విమానమెక్కుతారు.

పదివేల రూపాయలకు సరిపడా డాలర్లు తీశారనుకుందాం. చాలా బ్యాంకులు మారకం మీద మూడు, మూడున్నర శాతం వేసుకుంటాయి. మూడున్నరైతే 350 రూపాయలు. విదేశీ ఏటీఎం వాడినందుకు మరో 125 అనుకుంటే 475. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 560 రూపాయలు దాటింది. అమెరికా మిషన్ తన వంతుగా కోసుకునే మూడు నాలుగు డాలర్లు ఇందులో కలవలేదు.

అసలు గండం ఆ తర్వాత తెర మీదికొస్తుంది. "మీ ఖాతాలో రూపాయల్లోనే వేయమంటారా?" అని మిషన్ మహా మర్యాదగా అడుగుతుంది. సొంతూరి నోటు పేరు వినగానే ప్రాణం లేచొచ్చి సారు సరేనని నొక్కేస్తారు. అప్పుడు రేటు కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మిషన్ వాళ్లు. అసలు మారకం కంటే ఐదారు శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కలుపుకుంటారు. రూపాయల్లో జరిగినా సరే, విదేశంలో వాడారు కాబట్టి మరో శాతం వేసే బ్యాంకులు మన దగ్గరున్నాయి. డాలర్లలోనే వేయమనడం ఒక్కటే దీనికి మందు. దుకాణంలో కార్డు గీకినప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది, ఇదే జవాబు.

క్రెడిట్ కార్డుతో నోట్లు తీయడం మరీ దండగ; తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఫారెక్స్ కార్డు నయం, బయల్దేరే ముందే రేటు ఖాయమవుతుంది. దానికీ ఏటీఎంలో తీసినప్పుడల్లా ఫీజు ఉండొచ్చు కాబట్టి సోనాపూర్ పద్ధతిలో ఒకేసారి తీయాలి. మామూలు ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల దాకా నోట్లుగానే పట్టుకెళ్లడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంటుంది.

డెబిట్ కార్డే దిక్కనుకుంటే, ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం తెరిచి పెట్టుకోవాలి. 2020 నుంచి కొత్త కార్డులు దేశం లోపలికే పనిచేసేలా వస్తున్నాయి. డాలస్ చేరాక తెరుద్దామంటే ఓటీపీ అడగొచ్చు, అది వచ్చే సిమ్ము కరీంనగర్‌లో పాత ఫోన్లో ఉండిపోయి ఉంటుంది.