సూరత్ తిప్పి పంపిన జవాబు

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానం ఫలితం వెలువడింది. పోలింగు మే 7న జరగవలసి ఉండగానే భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ పార్లమెంటు సభ్యులయ్యారు. ఇటువంటి ఫలితాన్ని ఇంగ్లీషు రాజకీయ పరిభాషలో ‘రిటర్న్‌డ్ అనపోజ్డ్’ అంటారు. ఇంగ్లీషు వార్తను తెలుగు చేసే మా వృత్తిలో ఈ ‘రిటర్న్’ అన్న క్రియ చిక్కులమారిది. తిరిగి రావడమన్న అర్థమే ముందుగా తోస్తుంది. ‘తిరిగి ఎన్నికయ్యారు’ అని రాయబుద్ధవుతుంది. కానీ దలాల్ లోక్‌సభకు ఎన్నిక కావడం అదే మొదలు. అంతకు ముందు, 2009 నుంచి, ఆ స్థానం దర్శనా జర్దోష్‌ది.

మరి తిరిగి వచ్చినదేమిటి? ఒక కాగితం. పూర్వం ఇంగ్లండులో ప్రతినిధులను ఎన్నిక చేయించి పంపమంటూ రాజు పేర షరీఫ్‌కు ఆజ్ఞాపత్రం వెళ్లేది. ఎన్నికైన వారి పేర్లు జతచేసి అతడు దానిని తిప్పి పంపేవాడు. ఆ తిప్పి పంపడమే ‘రిటర్న్’. మన రిటర్నింగ్ అధికారి పదవికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం గెలిచిన అభ్యర్థిని నేటికీ ‘రిటర్న్‌డ్ క్యాండిడేట్’ అనే అంటుంది. అంటే ఈ క్రియకు కర్త అభ్యర్థి కాడు, నియోజకవర్గం. అడిగిన ప్రశ్నకు అది పంపిన జవాబే అభ్యర్థి.

సూరత్‌లో ఆ ప్రశ్న ఓటరు దాకా వెళ్లనే లేదు. సంతకాలు తమవి కావని ప్రతిపాదకులు చెప్పడంతో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీ నామినేషను తిరస్కరణకు గురైంది. ఆ పార్టీ ప్రత్యామ్నాయ అభ్యర్థిదీ అదే గతి. మరునాడు తక్కిన ఎనిమిదిమందీ పోటీ నుంచి తప్పుకున్నారు. ఒక స్థానానికి ఒక్కరే మిగిలితే వెంటనే ఎన్నికైనట్టు ప్రకటించాలని అదే చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. పోలింగే లేనప్పుడు ‘నోటా’ మీట నొక్కే అవకాశమూ లేదు. 16 లక్షలకు పైబడిన ఓటర్లు, వారిలో మరమగ్గాల పని వెదుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారు సహా, ఆ ఎన్నికలో వేలికి సిరా అంటించుకోలేదు.

ఈ ఫలితానికి తెలుగు పత్రికలు వాడే మాట ‘ఏకగ్రీవం’. గ్రీవమంటే కంఠం; అందరి కంఠమూ ఒక్కటైందని భావం. ఇంగ్లీషు మాట పోటీ లేదని మాత్రమే చెబుతుంది. మన మాట అందరి సమ్మతినీ తెచ్చి జతచేస్తుంది. 1977లో రాష్ట్రపతి పదవికి దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురై నీలం సంజీవరెడ్డి ఒక్కరే మిగిలినప్పుడు కూడా మనం ‘ఏకగ్రీవం’ అనే అన్నాం. ఆయన వెనుక ప్రధాన పక్షాల అంగీకారం ఉన్నది గనుక ఆ మాట అక్కడ నప్పింది. ఏకగ్రీవ పంచాయతీలకు ప్రోత్సాహక నిధులిచ్చే ఆనవాయితీ మన రెండు రాష్ట్రాలలో ఉన్నది. ఊరంతా కూర్చుని ఒక మాట మీదికి రావడం ఒకటి, పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకోవడం మరొకటి; రెండింటికీ మన దగ్గర పేరు మాత్రం ఒక్కటే.

అందుకే ఇటువంటి చోట్ల ‘పోటీ లేకుండా ఎన్నిక’ అని రాయడమే న్యాయమని నా అభిప్రాయం. శీర్షికలో రెండు మాటలు పెరుగుతాయి, నిజమే. కానీ నోరు విప్పే అవకాశమే దొరకని ఓటరు కంఠాన్ని విజేత ఖాతాలో జమ చేసే అధికారం విలేఖరికి లేదు.